ఇరవై ఏడో చుక్క

ఆర్మూర్
17 ఫిబ్రవరి 1991

నా బిడ్డ గంగామణికి, అల్లుడు దేవిదాసుకు, ఇంకా నేను కండ్లజూడని నా మనవరాలికి బాపు ముత్తెన్న రెండు చేతులా దీవించి రాస్తున్న జాబు.

బిడ్డా, నీ కార్డు నిన్న చేరినది. పోస్టుమన్ అంజన్న సైకిల్ దిగకముందే "కాకా, కాగజ్‌నగర్ ముద్ర ఉన్నది, ముందుగాల నోరు తీపి చెయ్యి" అని మొత్తుకున్నడు. ఇంట్లో బెల్లం తప్ప ఏమీ లేకుండె. బెల్లంగడ్డనే చేతిలో పెట్టిన. నాది నాలుగో తరగతి చదువు కదా, కార్డు చదవడానికి చాలాసేపు పట్టినది. ఎంతసేపు పడితే అంత మంచిదే అనిపించినది. వేసవి సెలవులకు పిల్లను తీసుకొని వస్తానని రాసినావు చూడు, ఆ ఒక్క లైను మార్కెట్ యార్డుకు పోయి, పసుపు కుప్పల కాడ నిలబడి పదిమందికి చదివి వినిపించిన. హమాలి గంగాధర్ "ఇగ సాలు తియ్యి కాకా, మాకు నోటికచ్చింది" అన్నడు. నేను దడ్వాయి పని, తూకం వేసే పని మానుకొని రెండేండ్లయినా, యార్డులో నాకు ఇంకా గంత చనువు ఉన్నది.

ఏడేండ్లాయె బిడ్డా. నువ్వు దేవిదాసును రిజిస్ట్రాఫీసులో చేసుకున్ననాడు నేనన్న మాటలు నాకు యాదికున్నయి. "ఈ ఇంట్లో దాని పేరెత్తొద్దు" అని మీ అమ్మకు చెప్పింది నేనే. ఇప్పుడు అదే పేరు నేనే వాడ వాడంతా ఎత్తుకొని తిరుగుతున్న. నవ్వుకో. ఒక్కటే జర కష్టమైనది. కార్డు నిండా "మీరు, మీరు" అని రాసినావు. నేనేమన్న తాసిల్దారునా? నా మెడ మీద ఎక్కి కూసున్ననాడు "నువ్వు" అనే అన్నావు కదా.

ఇక అసలు ముచ్చట. మీ అమ్మ పుట్టింటి నుంచి తెచ్చుకున్న టేకు అల్మారి ఉన్నది కదా, అది మాసి మాసి నల్లబడ్డది. నువ్వు వచ్చేవరకు దాన్ని పెండ్లిపిల్లను చేయాలని అనుకున్న. ఎంకటి అని పెయింటర్ దొరికిండు, నిర్మల్‌లో పన్నెండేండ్లు పని నేర్చినోడు. తలుపుల మీద ముదురాకుపచ్చ, దాని మీద బంగారు పూలతీగ, చెరో పక్క నెమలి. తీగను తెల్లరంగుతో గీసి, మీద ఏదో పసరు నూనె రాస్తే బంగారం తీరు మెరుస్తదట. లోపల పాలలెక్క తెలుపు. మనవరాలి గౌన్లు అందులో పెడితే కనబడాలె కదా. మీ అమ్మ సామాను నేనే తీసి పెట్టెలో సర్దిన. అడుగు పలక కూడా నేనే ఎత్తి దులిపిన. ఎంకటిని చెయ్యి పెట్టనియ్యలేదు.

ఇంత సంతోషం ఈ వయసుల తట్టుకుంటనో లేదో అని భయమైతున్నది.

మీ బాపు
ముత్తెన్న

*

ఆర్మూర్
2 మార్చి 1991

గంగామణికి బాపు దీవెన. నా జాబు చేరినదో లేదో, జవాబు రాలేదు. పిల్లకు బాగలేదా? లేక పరీక్ష పేపర్లు దిద్దుతున్నావా? రాయక పోయినా సరే, నేనైతే ఊకోలేను, రాస్తున్న.

అల్మారి పని మొదలైనది. ఎంకటి మూడు రోజులు గరుకు కాగితం పెట్టి రుద్దిండు, నెర్రెలల్ల లప్పం పెట్టిండు. ఇంటినిండా టేకు దుమ్ము, నా మీసం కూడా ఎర్రబడ్డది. తలుపుల బయటి దిక్కు ఆకుపచ్చ వేసినంక బజారోళ్లంతా వచ్చి చూస్తున్నరు. ముత్తెమ్మ పెద్దమ్మ "నీ బిడ్డకా, బతుకమ్మకా ఇంత సింగారం" అన్నది.

కానీ లోపల ఒక వింత అయినది. కుడి తలుపు లోపటి దిక్కు మీ అమ్మ అద్దం సంచి వేలాడదీసేది కదా, ఆడ ఏవో పసుపు మరకలు ఉండె. ఏదో చెయ్యి తుడిచింది కావచ్చనుకొని ఎంకటితో రుద్దిపిచ్చి తెల్లరంగు వేయించిన. తెల్లారి చూస్తే రంగులోంచి పసుపు చుక్కలు పైకొచ్చినయి! మళ్ళీ ఒక చెయ్యి వేసిండు. మళ్ళీ వచ్చినయి. ఎంకటి నడుము మీద చేతులు పెట్టుకొని "కాకా, నీ అల్మారికి కామెర్లయినయ్, దవాఖానకు తోలుకపో" అన్నడు. నేను "ముప్పై ఏండ్లు పసుపు తూకం వేసినోని ఇంట్ల కట్టెకు కూడ పసుపే కారుతది, నీ రంగే కల్తీది" అని మాటకు మాట అన్న. అది నూనెలో కలిపిన పసుపట, కట్టెలోకి దిగినదట, రంగులో పోసే నూనె తగిలితే మళ్ళీ కరిగి పైకొస్తదట. ఆఖరుకు ఆ ఒక్క తలుపు లోపల ముందు లక్క పూసి, మీద కాచు తీరు ముదురు ఎరుపు కత్తిరంగు కొట్టించిన. ఇప్పుడు ఏమీ కనబడుత లేవు. బేఫికర్.

నెమళ్ల పని మొదలైతది వచ్చేవారం. పిల్ల పేరేందో రాయనే లేదు నువ్వు. తీగ కింద ఆమె పేరు రాయిస్త.

నీ జాబు కోసం వాకిట్లనే ఉన్న
బాపు

*

కాగజ్‌నగర్
4 మార్చి 1991

బాపు గారికి గంగామణి నమస్కారం.

పాపకు జ్వరం వచ్చి తగ్గింది. అందుకే ఆలస్యమైంది. మీరు ఫిబ్రవరి పదిహేడున రాసిన ఉత్తరం చదివాను. మీ సంతోషం అర్థమైంది.

కానీ ఒక మాట ముందే చెప్పాలి. అమ్మ అల్మారికి బయట ఏ రంగైనా వేయించండి. కుడి తలుపు లోపలి వైపు మాత్రం ముట్టుకోవద్దు. ఈ ఉత్తరం అందేసరికి పెయింటర్ ఇంకా లోపలికి రాకపోతే బాగుండు.

మీకు తెలియని సంగతి ఇది. నేను వచ్చేసిన తర్వాత మూడేళ్లు అమ్మకు ఉత్తరాలు రాశాను. ఇంటి చిరునామాకు రాస్తే మీరు చూస్తారని, పక్కింటి రత్నవ్వ పేరు మీద పంపేదాన్ని. రత్నవ్వ ఏడో తరగతి వరకు చదివింది కదా, మీరు యార్డుకు పోయాక అమ్మకు చదివి వినిపించేది. విన్న తర్వాత, మీ కంట పడుతుందని ఆ ఉత్తరాన్ని పొయ్యిలో వేసేది అమ్మ. వేసి, నూనెలో పసుపు కలిపి ఉంగరం వేలితో తలుపు లోపల ఒక చుక్క పెట్టేది. ఉత్తరానికి ఒక చుక్క. అమ్మ పోయాక రత్నవ్వ నాకు కార్డు రాసి ఇదంతా చెప్పింది. అమ్మ పోయిన సంగతి కూడా ఆ కార్డుతోనే నాకు తెలిసింది, పదమూడో రోజున. ఆ సంగతి ఇప్పుడు వద్దు.

రత్నవ్వ వాళ్లు అప్పటికే ఇల్లు ఖాళీ చేసి నందిపేటకు వెళ్లిపోయారట. "నేను పోయినంక నీ ఉత్తరాలు ఎవలు చదివి చెప్పిండ్రో నాకు తెల్వదు" అని రాసింది. అందుకే ఆ చుక్కలు నాకు కావాలి. ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టి రాయండి. నేను ఎన్ని ఉత్తరాలు రాశానో మీకు చెప్పడం లేదు. చెబితే మీరు నా మనసు కోసం అదే అంకె రాస్తారేమోనని.

ఆ అంకె తెలియకుండా నేను ఆ ఇంటి గడప ఎక్కలేను. ఎందుకని అడగకండి.

ఇట్లు
గంగామణి

*

ఆర్మూర్
12 మార్చి 1991

బిడ్డా గంగామణీ,

నీ జాబు చేరినది. నేను రాసిన రెండో జాబు ఈపాటికి చేరే ఉంటది. అందులో కామెర్లని, కల్తీ రంగని నేను నవ్వుకుంటూ రాసిన మాటలు చదివి నువ్వు నన్ను ఎట్ల తిట్టుకున్నవో. తిట్టు. ముప్పై ఏండ్లు పసుపు మధ్యన బతికినోన్ని, ఐదైదు వరుసగా పెట్టిన చుక్కలు చేతులు తుడిచిన మరకలు కావని నాకు తెలువొద్దా?

జాబు జేబులో పెట్టుకొని ఎంకటి ఇంటికి ఉరికిన. "ఆ కత్తిరంగు తియ్యి" అన్న. "కాకా, నిన్న ఆరింది, నేడు తియ్యమంటే నా పానం తీస్తున్నవ్" అన్నడు. సంగతి చెప్పిన. పగిలిన సీసా పెంకు ఒకటి నాకిచ్చిండు, ఒకటి ఆయన పట్టుకున్నడు. గట్టిగ గీకితే తెల్లరంగు కూడ లేస్తది, మెత్తగ గీకితే కత్తిరంగు పోదు. రెండు రోజులు పట్టినది. నా వేలు తెగింది, ఫికర్ లేదు. కత్తిరంగు పోయినది, లక్క పోయినది, కింద తెలుపు, తెలుపులో మీ అమ్మ చుక్కలు. కందిగింజలంత చిన్నగ ఉన్నయి. బిడ్డా, ఒక్కటి పోలేదు. నేను రుద్దిచ్చినా పోలేదు, రెండు చేతులు తెల్లరంగు కొట్టిచ్చినా పోలేదు.

లెక్కపెట్టిన. ఇరవై ఏడు. రెండుసార్లు లెక్కపెట్టిన, ఇరవై ఏడే. ఐదు వరుసలు నిండుగ, కింద రెండు.

నీ ఉత్తరాలన్నీ చేరినయి బిడ్డా. ఒక్కటి తప్పలేదు. మనసులో ఏం పెట్టుకోకు. రా. ఎంకటి నెమళ్లకు కండ్లు దిద్దుతున్నడు. పసుపు ఎండకు ఎలిసిపోతది కదా, అందుకే ఆ తలుపు మూసే పెడుతున్న.

నీ రాక కోసం
బాపు

*

కాగజ్‌నగర్
20 మార్చి 1991

బాపు గారికి,

ఉత్తరం అందింది. ఇరవై ఏడు. నేను రాసినవి కూడా ఇరవై ఏడే.

సంతోషించాలని ఉంది కానీ సంతోషం కలగడం లేదు. ఇప్పుడు చెబుతాను. ఇరవై ఆరు ఉత్తరాల్లో నేను రాసింది ఊరి సంగతులే. స్కూలు, నీళ్ల కష్టం, దేవిదాసు వంట. ఇరవై ఏడోది వేరు. ఎనభై ఏడు నవంబరులో రాశాను. పాప పుట్టి మూడో నెల. "అమ్మా, పదిహేనో తారీకు ఆదివారం నిజామాబాద్ బస్టాండుకు పిల్లను తీసుకొని వస్తున్న. పిల్లకు పేరు పెట్టలేదు, నువ్వు చెవిలో పిలిచేదాకా పెట్టను. ఆర్మూర్ బస్సులు ఆగే కాడ నిలబడి ఉంట. గంటసేపు చాలు, బాపుకు తెల్వదు" అని.

పొద్దున తొమ్మిది నుంచి చివరి బస్సు దాకా నిలబడ్డాను. ఆర్మూర్ నుంచి వచ్చిన ప్రతి బస్సులోంచీ దిగిన ప్రతి ముసలమ్మ ముఖం చూశాను. పాప పాలకు ఏడుస్తుంటే ఒక సోడాబండి ఆమె స్టూలు ఇచ్చింది. అమ్మ రాలేదు.

ఉత్తరం అందలేదేమో అనుకున్నాను. కాదు, అందింది, మీకు భయపడి రాలేదు అనుకున్నాను. కోపం వచ్చింది. మళ్లీ రాయలేదు. ఎనిమిది నెలలు ఒక్క ముక్క రాయలేదు బాపూ. అంతలో ఆమే పోయింది. ఆ ఉత్తరం అసలు అందలేదని తెలిస్తే, నా తప్పు నాకు ఉండేది కానీ అమ్మ మీద నాకున్న కోపం పోయేది. మూడేళ్లుగా ఆ ఒక్క ఆశ పట్టుకొని ఉన్నాను.

అందింది. విన్నది. చుక్క కూడా పెట్టింది. రాలేదు. సరే.

పాపకు స్కూల్లో ఏదో పేరు రాయించాం. ఇంట్లో పాప అనే పిలుస్తాం. తీగ కింద ఏమీ రాయించకండి.

సెలవుల్లో రావడం కుదరదేమో. మీరు బాధపడకండి, తప్పు మీది కాదు.

ఇట్లు
గంగామణి

*

ఆర్మూర్
27 మార్చి 1991

గంగామణీ,

"తప్పు మీది కాదు" అని రాసినావు. ఆ మాట కాడ ఆగిపోయిన. నాలుగు రోజుల సంది అన్నం సయిస్త లేదు. నా మొదటి జాబు సంతోషంతోని మొదలుపెట్టిన కదా, ఈ జాబు అట్ల మొదలుపెట్టలేను.

అల్మారి మీద ఉన్నయి ఇరవై ఆరు చుక్కలే. ఇరవై ఏడోది నాది.

నువ్వు అంకె చెప్పకపోతివి, నాకు పరీక్ష పెడుతున్ననని అనుకుంటివి. నాకు ఆ అంకె తెలుసు బిడ్డా. ఇరవై ఏడో ఉత్తరం నా దగ్గరనే ఉన్నది. ఇంతకాలం ఉన్నది.

ఆనాడు అంజన్న రత్నవ్వ ఇంటికి తాళం చూసి, మన వాకిట్లకు వచ్చిండు. "కాకా, వీళ్లు నందిపేటకు పోయిండ్రు, కొత్త పత్తా తెల్వది. చేతిరాత మీ గంగామణిదే ఉన్నట్టున్నది, నువ్వే తీసుకో" అన్నడు. మీ అమ్మ చెరువు కాడ బట్టలు ఉతుకుతున్నది. అప్పుడు నాకు ఎరుకైనది, నా వెనక ఉత్తరాలు నడుస్తున్నయని. కోపంతోని చింపుదామంటే నీ చేతిరాత మీద చెయ్యి లేవలేదు. మీ అమ్మకు ఇద్దామంటే పౌరుషం అడ్డమొచ్చినది. తెచ్చి, ఆమె అల్మారిలోనే అడుగు పలక కింద పెట్టిన. ఆమె రోజు తీసి మూసే అల్మారి. ఆమె చీరెల కింద. రేపిస్త, ఎల్లుండిస్త అనుకుంట పోయిన.

ఆనక ఎనిమిది నెలలు చూసిన బిడ్డా. అంజన్న సైకిల్ బెల్లు వినబడితే ఆమె చేతిల పని ఇడిసి వాకిట్లకు వచ్చేది. తాళం పడ్డ రత్నవ్వ ఇంటి దిక్కు చూసేది. "ఏందే?" అంటే "ఏం లేదు, కోడి అటు పోయింది" అనేది. మనకు కోళ్లు లేకుండె. నాకు తెలిసి కూడా నేను ఊకున్న. ఆమె పానం పోయేనాడు కూడా నేను పలక ఎత్తలేదు. ఆ సిగ్గుకే నీకు కబురు పంపలేదు. నువ్వొస్తే, ఆ ఉత్తరం సంగతి అడుగుతవని భయపడ్డ.

మొన్న ఎంకటి రాకముందు నేనే పలక ఎత్తిన. దాన్ని తీసి నా అంగీ పెట్టెలో దాచిన. ఇంత సంతోషమని నీకు రాసిన ఆ రోజే.

చుక్కలు లెక్కపెడితే ఇరవై ఆరు వచ్చినయి. రుద్దినప్పుడు ఒకటి పోయి ఉంటదని రాస్తే నువ్వు నమ్మేదానివి. గట్ల కూడ రాయలేదు నేను. అన్నీ చేరినయంటే నీ మనసు సల్లబడతదని, ఇంత మంచి నూనెలో ఇంత పసుపు కలిపి, ఆఖరు చుక్క పక్కన ఉంగరం వేలు పెట్టిన. నా వేలు పెద్దది. మీ అమ్మ చుక్కలు కందిగింజలు, నాది శనగగింజ. తూకంలో ఏనాడు ఒక్క పసుపు కొమ్ము అటిటు చేయని చెయ్యి అది. మీ అమ్మ లెక్కలో కలిపిన. ఆ చుక్కతోని నువ్వు మీ అమ్మను తప్పుబడతవని నాకు తెల్వదు.

ఆమె రాకపోలేదు బిడ్డా. ఆమెకు తెల్వదు. తెలిస్తే నడిచి వచ్చేది.

నీ జాబు చేరినంక గాసునూనె గుడ్డతో నా చుక్క తుడిచిన. పోతలేదు. తెల్లరంగులోకి దిగిపోయినది.

నీ ఉత్తరం ఈ కవరులోనే పెడుతున్న. తెరవలేదు. నువ్వు అంటించిన అన్నం మెతుకు అట్లనే ఉన్నది. నువ్వు రాకున్నా నేనేమనను. రమ్మని అడిగే ముఖం నాకు లేదు. ఎంకటి పని ఆపించిన. ఒక నెమలికి కన్ను లేదు, ఉండనీ.

ముత్తెన్న

*

కాగజ్‌నగర్
5 ఏప్రిల్ 1991

బాపూ,

నువ్వు పంపిన కవరు అందింది. నీ మీద నాకు ఎంత కోపమున్నదో రాస్తే ఈ కాగితం సరిపోదు. అది తగ్గుతుందో లేదో నాకు తెలియదు. తగ్గిందని అబద్ధం రాయను. నువ్వూ ఇక నా మనసు కోసం ఏమీ రాయకు.

ఉత్తరం నేనూ తెరవలేదు. అది నాకు రాసింది కాదు, అమ్మకు రాసింది. తిరిగి తెస్తున్నాను.

నువ్వు ఈ పనులు చెయ్యి. నందిపేటకు పోయి రత్నవ్వను తోలుకొని రా. అమ్మకు ఎప్పుడూ ఆమే చదివింది, ఇదీ ఆమే చదవాలె. అల్మారి కుడి తలుపు తీసి పెట్టు. రత్నవ్వ చదువుతుంటే నువ్వు ముందు కూర్చోవాలె. మధ్యలో లేవొద్దు. ఇంతకాలం నువ్వు విననిది మొత్తం వినాలె.

నీ చుక్క తుడవకు. రంగు మీద రంగు వేయించకు. ఎవరి వేలు ఏదో కనబడాలె. చదవడం అయిపోయాక ఆ కింది వరుసలో పాప ఒక చుక్క పెడుతుంది. చోటు ఉంచు. ఎంకటితో ఆ రెండో నెమలికి కన్ను పెట్టించు, గుడ్డి నెమలిని చూస్తే పిల్ల భయపడుతుంది.

ఈ నెల ఇరవై ఏడో తారీకు శనివారం వస్తున్న. నిజామాబాద్ బస్టాండులో దిగుత. ఎన్ని గంటల బస్సుకో నాకు తెలియదు.

ఆర్మూర్ బస్సులు ఆగే కాడ పొద్దున తొమ్మిదికే వచ్చి నిలబడు.

గంగామణి